కరెంటు సెడాన్: వరంగల్ దారి మీద లెక్క

వెనక డిక్కీ విడిగా ఉండి, పైకప్పు తక్కువ ఎత్తులో వాలుగా దిగే కారును సెడాన్ అంటారు. ఈ ఆకారం కరెంటు కారుకు బాగా కలిసొచ్చింది. వేగం గంటకు 50 కి.మీ. నుంచి 100కు పెరిగితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. గాలిని సులువుగా కోసుకుపోయే కారుకు బ్యాటరీ ఎక్కువ దూరం వస్తుంది.

కరెంటు బండి వయసు దాదాపు పెట్రోలు కారంత. 1881లో పారిస్‌లో గుస్తావ్ ట్రూవే మూడు చక్రాల బండిని బ్యాటరీతో నడిపాడు. 1899లో కామిల్ జెనాట్జీ గంటకు 100 కి.మీ. వేగాన్ని మొదట దాటింది కరెంటు బండితోనే. 1912లో క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ రావడంతో, హ్యాండిల్ తిప్పి ఇంజన్ లేపే అవస్థ తప్పింది, పెట్రోలు కారుకు గిరాకీ పెరిగింది. బరువైన సీసం బ్యాటరీలతో కరెంటు కారు వెనకబడింది. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ దానికి మళ్లీ ప్రాణం పోసింది. 2012లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ కరెంటు సెడాన్‌తో దూర ప్రయాణాలు చేయవచ్చని చూపింది.

మన దేశంలో 2016లో మహీంద్రా ఈ-వెరిటో వచ్చింది. ఒక చార్జికి 110 కి.మీ. అని కంపెనీ చెప్పింది. 2021లో టాటా టిగోర్ ఈవీ 26 యూనిట్ల బ్యాటరీతో వచ్చింది. మరుసటి ఏడాది దాని ధ్రువీకృత దూరం 315 కి.మీ.కి చేరింది. 2024లో వచ్చిన బీవైడీ సీల్ తొలి రకానికి 61.44 యూనిట్ల బ్యాటరీ, 510 కి.మీ. దూరం, విడుదలప్పుడు రూ.41 లక్షల ఎక్స్-షోరూం ధర.

టిగోర్‌ను పెట్రోలు కారు ఒంటిలోనే అమర్చారు. బ్యాటరీకి చోటిచ్చేసరికి 419 లీటర్ల డిక్కీ 316 లీటర్లకు తగ్గింది. సీల్‌ను మొదటి నుంచీ కరెంటు కారుగానే రూపొందించారు. పలకల్లాంటి బ్యాటరీ సెల్స్‌నే అడుగు భాగంలో కలిపేశారు. రెండింటిలోనూ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్సే. ఇవి బరువెక్కువైనా వేడికి తొందరగా అదుపు తప్పవు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే వరంగల్‌లో ఈ గుణానికి విలువ ఎక్కువ.

బ్రోచర్‌లోని దూరాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు. మన దేశంలో దూరం కొలిచే పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. మాత్రమే, అదీ కొద్దిసేపే. సీల్ పెద్ద బ్యాటరీ రకానికి ఇక్కడ చెప్పే దూరం 650 కి.మీ., ఐరోపా పరీక్షలో 570. కారు ఒకటే, కొలత వేరు. ఏసీ, హైవే వేగం, నిండు మనుషులు కలిస్తే చెప్పిన దూరంలో మూడో వంతు తీసేసి లెక్కగట్టడం మంచిది.

వరంగల్ నుంచి జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ సుమారు 145 కి.మీ., రానూపోనూ 290. మూడో వంతు తీసేస్తే టిగోర్‌కు 210 కి.మీ. మిగులుతుంది: హైదరాబాద్‌ చేరుస్తుంది, తిరుగు ప్రయాణానికి మధ్యలో చార్జింగ్ తప్పదు. సీల్ తొలి రకానికి 340 మిగులుతుంది, వెళ్లి రావచ్చు. పరీక్ష అంకెల ప్రకారం యూనిట్‌కు టిగోర్ 12 కి.మీ., రెండు టన్నులకు దగ్గరగా ఉండే సీల్ 8 కి.మీ. నడుస్తాయి. చిన్న కారు ఖర్చు తగ్గిస్తుంది, పెద్ద బ్యాటరీ ఆగే అవసరం తగ్గిస్తుంది.

ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్‌తో, సుమారు 3 కిలోవాట్ల చొప్పున, టిగోర్ రాత్రంతా పెడితే నిండుతుంది. సీల్‌కు 20 గంటలు దాటుతుంది. 7 కిలోవాట్ల చార్జర్ పెట్టాలంటే ఇంటి కనెక్షన్ లోడ్ చాలకపోవచ్చు. పెంచుకోవడానికి హనుమకొండలో ప్రధాన కార్యాలయమున్న విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్‌కు దరఖాస్తు చేయాలి. దారిలోని ఫాస్ట్ చార్జర్లకు ఈ కార్లకు సరిపోయే సీసీఎస్-2 ప్లగ్గు ఉందో లేదో చూసుకోవాలి.

కరెంటు కార్లకు జీఎస్టీ 5 శాతమే. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయిస్తూ తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ధరలు పోల్చేటప్పుడు షోరూం ధరను కాక, బీమాతో కలిపి రోడ్డెక్కే ధరను చూడాలి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో, సామర్థ్యం ఎంతకు పడిపోతే వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోవాలి.

రోజూ ఊళ్లోనే తిరిగేవారికి చిన్న బ్యాటరీ చాలు. వారం వారం హైదరాబాద్ వెళ్లి వచ్చేవారికి పెద్ద బ్యాటరీ, లేదా అక్కడ నమ్మకమైన చార్జింగ్ వసతి అవసరం.