ఊయెలకు తగిన తావు

పురుడు పోసికొని పుట్టినింటనుండి బిడ్డతో కోడలు తిరిగివచ్చు వేళకు, ఊయెల కొనుటయు, బొంతలు కుట్టించుటయు, దోమతెర తెప్పించుటయు ముగిసియే యుండును గాని, ఆ ఊయెలను ఇంటిలో నేతావున నుంచవలెనను విచారము మాత్రము, బండివాడు దానిని గడపయొద్ద దించిన పిమ్మటగాని యెవ్వరికిని కలుగదు. అప్పుడు ఏ మూల ఖాళీగా నున్న ఆ మూలయే దాని స్థానమగును. ఆ మూల కిటికీక్రిందిదో, బీరువా ప్రక్కదో యగుట పరిపాటి. రెండును తగని తావులే.

ముందు గదిమాట. పాశ్చాత్యులలోను, వారిని జూచి మన నగరములందలి కొందరు సంపన్నులలోను, శిశువునకు ప్రత్యేకముగా నొక గది నలంకరించి అందు ఒంటరిగా పరుండబెట్టు వాడుక కలదు. అట్టి వాడుకగల అమెరికాలోనే శిశువైద్యుల అకాడమీవారు, కనీసము మొదటి ఆరుమాసములు బిడ్డ తలిదండ్రుల గదిలోనే, వారి శయ్యకు చేరువగా, అయినను ఆ శయ్యపైగాక వేరుగా గట్టి పరుపుమీద వెల్లకిల నిద్రింపవలెనని 2022లో మరల వక్కాణించిరి. నిద్రలో హఠాత్తుగా సంభవించు శిశుమరణముల భయ మిందువలన తగ్గునని వారి నిర్ణయము. ఈ ఉపదేశమున పూర్వార్ధము మన యిండ్లకు క్రొత్తగాదు. బిడ్డను ప్రక్కలో వేసికొని పరుండుట కలవాటుపడిన తల్లులకు ఉత్తరార్ధమే కష్టము. కావున మంచముపై పరుండిన తల్లి చేయి చాచినంతనే తొట్టి కమ్ములు తగులునట్లు దాని నుంచుట ఉభయతారకము.

గదిలో తావు నెంచువారు బారసాలనాటి బిడ్డను మనసున నుంచుకొందురు. ఉంచుకొనవలసినది ఎనిమిదవ మాసపు బిడ్డను. నేడు పెట్టినచోట పడియుండు నా పసికందే, చూచుచుండగనే బోర్లపడి, కూర్చుండి, కమ్ములు పట్టి నిలిచి, చేతికందిన దెల్ల లాగి నోట బెట్టుకొనును. తొట్టిప్రక్క నేలపై గూర్చుండి, పరుపు మట్టమునకు కన్నులు దించి చుట్టును చూచినవారికి, నిలుచున్నప్పుడు కానరానివి కొన్ని కానవచ్చును: ప్లగ్గునకు తగిలించిన దోమలమందు, వ్రేలాడుచున్న సెల్‌ఫోను తీగ, మెడకు చుట్టుకొనదగిన తెర త్రాడు. తలయెత్తినచో మేకునకున్న గడియారమో, దేవుని పటమో కనబడును. పటమునెడ భక్తి యెంత యున్నను, దాని మేకును నమ్మి క్రింద బిడ్డను పరుండబెట్టరాదు.

ఎండ సంగతి మన ప్రాంతములందు వేరుగా చెప్పవలసియున్నది. మిద్దెలోని పడమటిగోడ రోహిణికార్తెలో సాయంకాలమునకు కాగిపోయి, ప్రొద్దు క్రుంకిన పిదపకూడ చాలసేపు ఆ వేడిని లోనికి విడుచుచునే యుండును. పగలు చల్లగా దోచిన మూల రాత్రి యెట్లుండునో పదిగంటలవేళ గోడకు అరచేయి యానించి చూచినగాని తెలియదు. అధికోష్ణము నిద్రించు శిశువునకు అపాయకరము, అట్లని ఏ.సి. గాలి తిన్నగా మొగమునకు కొట్టుచోటును పనికిరాదు.

ఇక తల యే దిక్కునకు? ఉత్తరమునకు తల పెట్టరాదని పెద్దలందురు. వారితో వాదమేల, మూడు దిక్కులు మిగిలియే యున్నవి. వైద్యులు చెప్పున దింకొకటి: వెలుతురు వచ్చువైపునకో, తల్లి యున్నవైపునకో బిడ్డ తల త్రిప్పుకొనుచుండును, నిత్యము ఒకేవైపు ఒత్తిడి పడినచో లేతకపాల మాప్రక్క చదునగును. తొట్టిని తూర్పుపడమరలుగా వేసి, ఒకనాడు తూర్పునకు, మరునాడు పడమరకు తల మార్చుచున్నచో ఆ బాధయు తప్పును, పెద్దల మాటయు దక్కును.

చీర ఉయ్యాల కట్టుకొను ఇండ్లలో దూలమే తావును నిర్ణయించును. అయినను ముడివేయుటకు ముందు ఒకమారు వట్టి చీరనే గట్టిగా నూపి, అది గోడకుగాని తలుపురెక్కకుగాని తగులకుండుట చూచుకొనవలెను. ఫ్యాను కొక్కెమునకు దానిని కట్టరాదు. మెత్తని చీరలో ముడుచుకొనిన పసిబిడ్డ గడ్డము రొమ్మున కంటుకొని ఊపిరి కష్టము కావచ్చును గనుక, పెద్దలు దగ్గర నున్నంతసేపే ఊపి, కునుకు పట్టగానే చదునైన పక్కమీదకు మార్చవలెను.