రిలేటివిటీ మ్యాథ్స్: టెన్సర్లతో కాదు, ఒక త్రిభుజంతో మొదలుపెట్టండి

"బ్రో, రిలేటివిటీ మ్యాథ్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ముందు నా సంగతి చెప్తాను. బీటెక్ అయ్యి, ఉద్యోగం చేస్తున్న రోజుల్లో జనరల్ రిలేటివిటీ పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి చాప్టర్‌లోనే టెన్సర్లు. "మనకింత బుర్ర లేదులే" అని మూసేశాను. రెండేళ్లు ముట్టుకోలేదు. తప్పు బుర్రది కాదు, మొదలుపెట్టిన చోటుది.

రిలేటివిటీలు రెండు. 1905లో వచ్చింది స్పెషల్, 1915లో వచ్చింది జనరల్. స్పెషల్ మొదలుపెట్టడానికి టెన్త్ లెక్కలు చాలు. చూడండి.

ఒక రైలు వెళ్తోంది. బోగీ నేల మీద టార్చ్, పైకప్పుకి అద్దం. లోపలున్నవాళ్లకి వెలుగు నిటారుగా పైకి వెళ్తుంది. ప్లాట్‌ఫాం మీదున్న మీకు? వెలుగు పైకి చేరేలోపు రైలు ముందుకి జరిగింది, కాబట్టి ఏటవాలుగా వెళ్లినట్టు. ఎత్తు 4, రైలు జరిగింది 3 అనుకోండి. పైథాగరస్ ప్రకారం 16 + 9 = 25, ఏటవాలు దూరం 5.

అసలు పాయింట్ ఇక్కడుంది. కాంతి వేగం ఎవరు కొలిచినా ఒకటే. లోపలివాళ్లకి అది వెళ్లిన దూరం 4, మీకు 5. వేగం మారలేదు, మరి మారాల్సింది టైమే! రైల్లో 4 సెకన్లు గడిస్తే మీ దగ్గర 5 సెకన్లు. టైమ్ డైలేషన్ అంటే ఇదే. అంకెల బదులు అక్షరాలు పెడితే పుస్తకాల్లో భయపెట్టే ఆ ఫార్ములా వచ్చేస్తుంది. ఈ రైలు వేగం కాంతి వేగంలో 60 శాతం. మన రైళ్లలో తేడా తెలియనిది అందుకే.

మీ ఫోన్‌లో మ్యాప్‌కి మాత్రం తెలుస్తుంది. జీపీఎస్ శాటిలైట్లలో గడియారాలు వేగం వల్ల రోజుకి సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. అక్కడ గ్రావిటీ తక్కువ కాబట్టి 45 ముందుకెళ్తాయి. మొత్తం మీద 38 ముందు. అంత టైమ్‌లో కాంతి 11 కిలోమీటర్లు వెళ్లిపోతుంది! అందుకే ముందే సరిచేసి పెడతారు.

ఆ 7 ఇవాళ్టి త్రిభుజంలోంచే వస్తుంది. ఆ 45 వెనకున్నది జనరల్ రిలేటివిటీ. దానికి కాలిక్యులస్, వెక్టర్లు, ఆ తర్వాతే టెన్సర్లు. ఐన్‌స్టైన్ కూడా 1912లో ఆ లెక్కల కోసం తన క్లాస్‌మేట్ మార్సెల్ గ్రాస్‌మన్ సాయం అడిగాడు. మనం అడగడానికి మొహమాటమెందుకు?

ఇవాళ్టి హోంవర్క్: ఎత్తు 5, రైలు జరిగింది 12. రైల్లో 5 సెకన్లకి మీ దగ్గర ఎన్ని? కాగితం మీద బొమ్మ గీసి చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.