పత్రికా విమర్శయు ప్రభుత్వ శాఖలును

పత్రికల విమర్శ తీవ్రమైనపుడు ప్రభుత్వ శాఖలు తమ నడవడిని మూడు విధముల మార్చుకొనుచుండుటను మేము గమనించితిమి: వినుట, అణచుట, తామే వార్తల నందించుట. పందొమ్మిదవ శతాబ్దపు భారతదేశమున నీ మూడును గానవచ్చును.

1860ల నుండి బెంగాలులోను, అటుపిమ్మట మద్రాసు మున్నగుచోట్లను, ప్రభుత్వానువాదకులు దేశభాషా పత్రికల సారమును ఆంగ్లమున సంగ్రహించి అధికారుల ముందుంచిరి. ఇది వినుట. 1878 మార్చిలో లిట్టన్ ప్రభుత్వము దేశభాషా పత్రికల చట్టమును చేసి, ముద్రాపకుల నుండి పూచీపత్రములు గోరెను; న్యాయస్థానమున అప్పీలునకు తావీయలేదు. ఇది అణచుట. ఆంగ్ల పత్రికల కది వర్తింపదు గనుక, ద్విభాషా పత్రికగా నున్న అమృతబజారు పత్రిక పూర్తిగా ఆంగ్లమునకు మారినది. ఆ కాలముననే వార్తల నందించుటకై ప్రెస్ కమిషనరు నియుక్తుడయ్యెను. చట్టము 1882లో రద్దయినది. వార్తల నందించు పద్ధతి మాత్రము మరల తలయెత్తినది. 1919లో హోంశాఖ క్రింద వెలసిన చిన్న విభాగమే నేటి ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరోకు మూలము.

దక్షిణమునకు లిట్టన్ చట్టము వర్తింపలేదు. 1874లో వెలువడిన వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని దాని వాత బడలేదు.

లభింపని తెలుగు సంచికల జాడ ఆ అనువాద నివేదికలందు దొరకవచ్చును. కాని యవి పత్రిక పలికినదంతయు గాదు, ప్రభుత్వము వినగోరినది మాత్రమే. వానియందు సాహిత్యచర్చ లేకుండుట పత్రికయందది లేదనుటకు సాక్ష్యము గానేరదు. ఆంగ్ల వాక్యమును బట్టి రచయిత తెలుగు శైలిని నిర్ణయింపరాదని పరిశోధక విద్యార్థులకు మా మనవి.