కాడి మార్చలేదు, ఎద్దుల్ని మార్చారు!

సూర్యాపేట (మా విలేకరి) : సూర్యాపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక గ్రామంలో, పత్తి నిలవచేసిన గదికి ఆనుకుని వున్న చిన్న గదిలో ఒక కంప్యూటరు వున్నది. 2018లో ఆ ఇంటి రైతు పత్తి అమ్మిన డబ్బుతో ఇంటరు పాసైన కొడుక్కి కొనిచ్చినది అది. దాచవలసిన పనేమీ లేదు, కుర్రవాడు దాన్ని ఆటల కోసమే కొనిపించుకున్నాడు. అయితే తరువాత అదే యంత్రం మీద చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళి వీడియోలు కూర్చి నాలుగు రాళ్ళు సంపాదించడం కూడా నేర్చుకున్నాడు.

2025 వేసవి నాటికి ఆ కంప్యూటరు మొరాయించింది. మీట నొక్కి, వెళ్ళి టీ తాగి వచ్చినా తెర పూర్తిగా తెరుచుకునేది కాదు. ఆటలో బొమ్మలు ఆగి ఆగి కదిలేవి. పెళ్ళివారు రెండు రోజుల్లో అడిగిన వీడియో నాలుగు రోజులకు గాని తయారయ్యేది కాదు. ఒకరిద్దరు పని సూర్యాపేట స్టూడియోకు మార్చుకున్నారు. కొత్తది కొందామని కొడుకు అడిగాడు.

"ఎడ్లు ముసలివైనయని నాగలి, కాడి గూడ అమ్ముకుంటమా బిడ్డా? ఏది పనిచేస్తలేదో అది మార్చుకో. ఇరవై వేలు ఇస్త. అంతకు మించి నాతోని కాదు" అన్నాడట తండ్రి. కంప్యూటరు సంగతి ఏమీ తెలియని ఆ పెద్దమనిషి చెప్పిందే చివరకు సరైన దారి అయింది.

ముసలి ఎద్దు ఏది?

ఆ పెట్టెలో వున్నవి ఇవి: 2017 నాటి రైజెన్ 5 1600 ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్ పలక ఒకటి, ఒక హార్డ్ డిస్కు, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. లెక్కలన్నీ చేసేది ప్రాసెసరు, తెరమీద బొమ్మ గీసేది కార్డు. రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దుల వంటివి. ఒకటి వెనకబడితే రెండోది ఎంత బలంగా వున్నా బండి దాని నడకే నడుస్తుంది.

ఏది వెనకబడిందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి. కార్డు నూటికి 99 వంతులు పనిచేస్తూ ప్రాసెసరు తీరికగా వుంటే లోపం కార్డుది. కార్డు సగమే పనిచేస్తూ ఆట తడబడుతుంటే లోపం ప్రాసెసరుది. ఇక్కడ కార్డుది 99 వున్నది. మీట నొక్కినప్పటి ఆలస్యం మాత్రం హార్డ్ డిస్కు వల్ల. దానిలో నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్ళాలు, వాటిమీద వెతుక్కునే ముల్లు వుంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేదీ లేదు గనుక వెతుకులాట లేదు. సైబర్‌పంక్ 2077 అనే ఆటకు 2023 నుంచి ఎస్‌ఎస్‌డీ కనీస అవసరమని తయారుచేసినవారే చెప్పారు.

కుర్రవాడు ముందు కార్డు కొనాలని ఉరకలు వేశాడు గాని ఇక్కడొక చిక్కు వున్నది. పాత కార్డు తినేది 75 వాట్లు, అది మదర్‌బోర్డు నుంచే అందుతుంది. అతను ఎంచుకున్న ఆర్‌ఎక్స్ 6600 కార్డుకు 132 వాట్లు కావాలి. పవర్ సప్లై నుంచి ఎనిమిది సూదుల వైరు విడిగా రావాలి. పాత పవర్ సప్లైకి ఆ వైరే లేదు. దానిమీద '500 వాట్లు' అని పెద్ద అక్షరాలతో రాసి వున్నది, చేత్తో ఎత్తితే అగ్గిపెట్టెలా తేలికగా వున్నది!

ఈ విషయంలో ఈ విలేకరి అనుభవం కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో ఎనిమిది వందలు మిగులుతాయని అలాంటి పవర్ సప్లైనే వేయించాము. ఒక రాత్రి వోల్టేజి ఎగిరినప్పుడు అది తాను కాలిపోయి మదర్‌బోర్డును కూడా వెంట తీసుకుపోయింది.

పార్కు లేన్ ప్రయాణం

తెల్లవారుజాము బస్సుకు కుర్రవాడు సికింద్రాబాద్ వెళ్ళాడు. పార్కు లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. అంతస్తుల నిండా కంప్యూటరు దుకాణాలే. మంచి పవర్ సప్లై, ఎస్‌ఎస్‌డీ కొత్తవి తీసుకుంటే, మిగిలిన డబ్బుకు కార్డు పాతదే వస్తుంది. పాత కార్డు కొనడం పాడి గేదెను కొనడం లాంటిదే, పాలు పితికి చూడకుండా డబ్బు ఇవ్వరాదు. కార్డులతో రాత్రింబగళ్ళు ఈథర్ నాణేలు తవ్వినవారు, 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆగిపోగానే వాటిని తెచ్చి బజారులో పోశారు. అలాంటివి అన్నీ చెడ్డవని కాదు గాని, ఫాన్లు అరిగి వుండవచ్చు. మనవాడు దుకాణంలోనే గంటసేపు ఆట నడిపించి, వేడి చూసి, ఫాను చప్పుడు విని, బిల్లు రాయించుకుని కొన్నాడు.

ఇంటికి వచ్చి బిగించిన రోజు పండుగే. కాని ఈసారి టాస్క్ మేనేజర్‌లో కార్డు అరవై దాటలేదు. కొత్త ఎద్దు ముందుకు లాగుతుంటే పాతది ఆయాసపడుతున్నదన్నమాట! దానికి తోడు 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో ఈ రైజెన్ 5 1600 లేదు.

యూపీఎస్ అరువు తెచ్చుకుని

కలిసివచ్చినది ఏమిటంటే, 2017 నాటి ఏఎం4 బోర్డులోనే 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా కూర్చుంటుంది. బోర్డు, ర్యామ్ మార్చనక్కరలేదు. కాకపోతే పాత ప్రాసెసరు వుండగానే బోర్డులోని బయాస్ అనే మూల ప్రోగ్రామును కొత్తదిగా మార్చుకోవాలి. బీ350 రకం బోర్డులకు ఈ వీలు 2022లో కలిగింది. పని నిమిషాలలో అయిపోతుంది గాని, ఆ నిమిషాలలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

మన ఊళ్ళలో ఆ కొద్ది నిమిషాలకు హామీ ఇచ్చేదెవరు? సంక్రాంతి వీడియోల డబ్బుతో ప్రాసెసరు తెచ్చి కూడా అతను వారం రోజులు డబ్బా విప్పలేదు. చివరకు ఫొటో స్టూడియో నుంచి యూపీఎస్ అరువు తెచ్చాడు. పెన్‌డ్రైవు పెట్టి మొదలుపెట్టిన తరువాత ఇంట్లో ఎవరినీ ఏ స్విచ్చీ ముట్టుకోనివ్వలేదు. వంటింట్లో మిక్సీ కూడా ఆగింది. ఆ రాత్రి కరెంటు పోనేలేదు.

అసలు గండం మరుసటి రోజు వచ్చింది. ప్రాసెసరుకు, దాని మీది కూలరుకు మధ్య పూసే పేస్టు ఎనిమిదేళ్ళలో ఎండి బంకలా పట్టేసింది. కూలరును నిలువుగా లాగితే ప్రాసెసరు కూడా దాంతోపాటే ఊడివచ్చింది. ఈ రకం ప్రాసెసరు అడుగున 1,331 సన్నని సూదులు వుంటాయి. మూడు వంగిపోయాయి. అయితే అవి పాతదానివి. మంచి ప్రాణం పోలేదు గాని, దాన్ని అమ్మాలన్న ఆశ వున్నది కదా! సీసం తీసేసిన పెన్‌పెన్సిలు మొనను సూదికి తొడిగి ఒక్కొక్కటే నెమ్మదిగా నిలబెట్టాడు. "కాసేపు కంప్యూటరు నడిపి, వేడి మీద ఆపి, ప్లగ్గు తీసి, కూలరును అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలన్నా. లాగొద్దు. నాకు తర్వాత తెలిసింది" అని అతను ఈ విలేకరితో అన్నాడు.

ర్యామ్ మాత్రం ఇంకా ఆ ఒక్క పలకే. 2025లో ఏఐ కేంద్రాలు చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో ధర రెండింతలు దాటింది. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే వదులుకుంటున్నట్లు ప్రకటించింది. ధర దిగేదాకా ఆగుతానని కుర్రవాడు అంటున్నాడు.

చేయి తగిలితే చురుక్కు

పెట్టె విప్పినప్పుడు లోపల పత్తి నూగు, ఎర్రమట్టి, ఒక ఎండిన బల్లి కనిపించాయి. నూగు పట్టిన కూలరు వేడిని వదలదు, వేడెక్కిన ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆరు నెలలకొకసారి బ్లోయరుతో ఊదాలి. ఊదేటప్పుడు ఫాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి.

ఇంకొకటి, ఆ ఇంట్లో పెట్టె రేకు మీద చేయి వేస్తే చురుక్కుమనేది. అందరూ పవర్ సప్లై చెడిందనుకున్నారు. కొత్తది వేసినా అదే చురుకు. ప్లగ్గులో మూడో సూదికి ఎర్తింగే లేదు! మన పల్లెల్లో చాలా ఇళ్ళలో ఇదే సంగతి. ఎలక్ట్రీషియను పెరట్లో గుంత తీసి, బొగ్గు, ఉప్పు వేసి, గొట్టం పాతి వైరు కలిపాక గాని అది పోలేదు.

ఆ గుంత తడి ఆరకుండా వారానికొకసారి బిందెడు నీళ్ళు పోసే పని ఇప్పుడు కుర్రవాడి తల్లిది. పాత కార్డును యూపీఎస్ ఇచ్చిన స్టూడియో ఆయన కొనుక్కున్నాడు.