గొంతు కూడా అమానతే

పాట విషయంలో మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. పాటలు మంచివి కావని పెద్దలంటారు. రేడియోలో మహమ్మద్ రఫీ పాట వస్తే ఆ పెద్దలే మాట ఆపి వింటారు. ఈ రెంటి మధ్యా నడిచిన జీవితమే రఫీది.

1924 డిసెంబర్ 24న అమృత్‌సర్ దగ్గరి కోట్లా సుల్తాన్ సింగ్ అనే పల్లెలో ఆయన పుట్టారు. వీధిలో పాడుతూ వెళ్లే ఒక ఫకీరును అనుకరించడంతో ఆయన పాట మొదలైందని చెబుతారు. తర్వాత కుటుంబం లాహోరుకు చేరింది. తండ్రి అక్కడ క్షౌరశాల నడిపేవారు. రఫీ 1944లో బొంబాయి వచ్చారు. దేశ విభజన జరిగినా ఇక్కడే ఉండిపోయారు. 1948లో గాంధీజీ హత్యానంతరం బాపూ జీవితంపై ఆయన పాడిన పాట విని నెహ్రూ తన ఇంటికి పిలిపించుకుని పాడించుకున్నారు.

1952లో వచ్చిన 'బైజు బావ్రా'లోని కృష్ణభజన నేటికీ గుళ్లలో వినిపిస్తుంది. రాసింది షకీల్ బదాయూనీ, బాణీ కట్టింది నౌషాద్, పాడింది రఫీ. ముగ్గురూ ముస్లిములే. తమ దీన్‌ను వదలకుండానే పొరుగువారి భక్తిని గౌరవించవచ్చని ఆ ముగ్గురూ చూపారు.

తెలుగువారికీ ఆయన పరాయివారు కారు. నాగయ్యగారి 'భక్త రామదాసు'(1964)లో కబీరు పాత్రకు పాడారు. 'భలే తమ్ముడు'(1969), 'ఆరాధన'(1976), 'అక్బర్ సలీం అనార్కలి' చిత్రాల్లోని ఆయన పాటలు మనకు గుర్తే.

1967లో పద్మశ్రీ, 1977లో జాతీయ పురస్కారం, మొత్తం ఆరు ఫిలింఫేర్ అవార్డులు ఆయనకు దక్కాయి. అయినా డబ్బు దగ్గర ఆయన లెక్క వేరు. గాయకులకు రాయల్టీ కావాలని 1960ల మొదట్లో లతా మంగేష్కర్ అడిగారు. పాడినందుకు పారితోషికం తీసుకున్నాక ఇంకేమీ అడగరాదని రఫీ అన్నారు. ఈ భేదంతో ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. 2012 చట్టసవరణ గాయకులకు రాయల్టీ హక్కు ఇచ్చింది. న్యాయం లత వైపే ఉందని మనం ఒప్పుకోవాలి. కానీ రఫీ కోరుకున్నది తన లాభం కాదని కూడా గుర్తుంచుకోవాలి.

1970ల మొదట్లో హజ్ చేసివచ్చాక, హాజీ పాటలు పాడకూడదని కొందరు చెప్పడంతో ఆయన కొంతకాలం పాట మానేశారని కుటుంబ సభ్యులు చెప్పారు. ఇంటివారూ మిత్రులూ నచ్చజెప్పాక మళ్లీ పాడారు. ఎవరిది ఒప్పో తేల్చడం ఆలిముల పని. మనం చూడవలసింది మరొకటి ఉంది. కీర్తి శిఖరాన ఉన్న మనిషి, తన సంపాదన అల్లాహ్‌కు ఇష్టమైనదేనా అని ఆగి ఆలోచించారు. మన వ్యాపారంలో, ఉద్యోగంలో మనలో ఎందరం అలా ఆగుతున్నాం?

1980 జూలై 31న, రంజాన్ నెలలో, గురువారం రాత్రి గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. వయసు 55. మర్నాడు జుమా. వానలో తడుస్తూ వేలాది జనం జనాజా వెంట నడిచారు. జుహూ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. కొత్త ఖబ్రులకు చోటు చాలక 2010లో అక్కడి పాత సమాధులతో పాటు ఆయనదీ తొలగించారు. పేరు చెక్కిన రాయి నేడక్కడ లేదు. అభిమానులు దగ్గరి కొబ్బరిచెట్టును ఆనవాలు పెట్టుకుని వచ్చి ఫాతిహా చదివి వెళుతుంటారు.

మట్టిలో అందరూ సమానమే. అల్లాహ్ ఇచ్చిన అమానత్‌ను ఎలా వాడామన్నదే మన వెంట వస్తుంది. అల్లాహ్ ఆయనకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.