శాస్త్రమును, పరిహాసమును: సుకుమార రాయ్ బాలవాఙ్మయము

విద్య చేదుమందు వంటిదనియు, పిల్లలచేత దానిని హాస్యమను బెల్లపుముక్కలో పొదిగి మ్రింగింపవలయుననియు మనలో పెక్కురు తలంతురు. ఈ తలంపుతో వ్రాయబడిన పుస్తకములు నేడు అంగళ్ళలో కొల్లలుగా నున్నవి. పుటపుటకును ఒక కోతిబొమ్మయో, ఒక వెకిలిమాటయో యుండును. దాని చాటున భూగోళమో, రసాయనమో దాగియుండును. పిల్లవాడు బెల్లము చప్పరించి మందు నుమిసివేయుట తలిదండ్రు లెఱుగనిది కాదు. విద్యకును హాస్యమునకును పొత్తు కుదుర్చు తీరు ఇది కాదని నూఱేండ్లకు పూర్వమే వంగదేశమున సుకుమార రాయ్ గారు చేసి చూపిరి.

ఆయన 1887 అక్టోబరు 30వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి ఉపేంద్రకిశోర రాయ్ చౌధురి గారు చిత్రకారులు, ఫిడేలు వాయించువారు, పిల్లల కథకులు. అన్నిటిని మించి, ఛాయాచిత్రమును సన్నని చుక్కలుగా విడదీసి అచ్చొత్తు హాఫ్‌టోన్ విద్యలో ఈ దేశమున మొదటివరుసకు చెందిన పరిశోధకులు. లండనునుండి వెలువడు పెన్‌రోజ్ వార్షికమున వారి వ్యాసములు ప్రకటింపబడెను. కుమారుడు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములు చదివి పట్టమొంది, 1911లో గురుప్రసన్న ఘోష్ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెడలి, లండనులోను మాంచెస్టరులోను అచ్చుపనికి సంబంధించిన శాస్త్రము నభ్యసించెను. 1913లో స్వదేశమునకు మఱలివచ్చునప్పటికి తండ్రిగారు 'సందేశ్' అను పిల్లల మాసపత్రికను స్థాపించియుండిరి. వంగభాషలో సందేశమనగా వార్తయు నగును, విరిచిన పాలతో జేయు మిఠాయియు నగును. 1915 డిసెంబరులో తండ్రి గతించిన పిమ్మట పత్రికాభారమును, అచ్చుకూటపు భారమును సుకుమార రాయ్ గారి భుజములపై బడెను.

కాగా, ఆయన తీరిక కూర్చున్న కవి కాదు. కెమేరాలకును, రాగిరేకులకును, ఆమ్లములకును నడుమ వృత్తి సాగించినవారు. చెన్నపురిలోని మన న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు ఈ సంగతిని కొంచెము శ్రద్ధతో గమనింపవలెను.

'సందేశ్' పత్రికకై ఆయన వ్రాసిన శాస్త్రవ్యాసములు పెక్కులు. గెలీలియో, ఆర్కిమిడీసు, పాశ్చరు మొదలగువారి చరిత్రములును వ్రాసిరి. వేగమును గూర్చిన వ్యాసమెట్లు మొదలిడినదో చూడుడు. భాద్రపదమాసమున పండిన తాటిపండు అంత పొడవు చెట్టు మీదనుండి వీపున బడినచో నేమగును? ఆ పండే ప్రక్కనున్న జామచెట్టునుండి మూరెడు క్రిందికి బడినచో నేమగును? పండు అదే, బరువు అదే. దెబ్బలో మాత్రము హస్తిమశకాంతరము. ఈ భేదము ఎక్కడినుండి వచ్చెనని పిల్లవాడు తనంతట తానే యడుగును. సూత్రము ఆ వెనుక నెమ్మదిగా వచ్చును. ఇందు కోతిబొమ్మ లేదు, వెకిలిమాట లేదు. ఉన్న కొంచెపు హాస్యమును దెబ్బతిన్న వీపులోనే యున్నది. మన పాఠ్యపుస్తకములు నిర్వచనముతో నారంభించి, ఉదాహరణముతో ముగించి, నడుమ పిల్లవానిని నిద్రపుచ్చును. పల్లెటూరి పిల్లవానికి తాటిచెట్టును మించిన ప్రయోగశాల యేమున్నది?

ఇది యొక పాత్ర. ఆయన పరిహాసము వేఱొక పాత్రలోనిది. ఈ రెండింటిని ఆయన ఒకదానిలో నొకటి పోసి కల్తీ చేయలేదు. నవ్వు పుట్టించుటకై వాస్తవమును వంచలేదు. వాస్తవము చెప్పుటకై నవ్వును బంట్రోతుగా వెంట ద్రిప్పలేదు. అయినను, ఆయన పరిహాసమంతయు శాస్త్రపు మట్టితో జేసినదే. 1922లో 'సందేశ్'న వెలువడిన 'హ య వ ర ల' అను కథను తీసికొందము. ఆ పేరు మనకు మాహేశ్వర సూత్రములను జ్ఞప్తికి దెచ్చును. వంగభాషలో నది గందరగోళమునకు జాతీయము. అందొక కాకి పలకయు బలపమును పట్టి లెక్కలు చేయుచుండును. ఏడురెండ్లు పదునాలుగు గదా యనిన, నీవు చెప్పిన వేళకు పూర్తిగా పదునాలుగు కాలేదు, 13 రూపాయల 14 అణాల 3 పైలే యైయుండెనని వాదించును. ఒక ముసలివాడు కొలతపట్టీతో పిల్లవానిని కొలుచును; అరిగిపోయిన యా పట్టీపై 26 అను అంకె యొక్కటియే మిగిలియున్నందున ఎత్తు 26 అంగుళములు, రొమ్ము 26, మెడయు 26! ఆ లోకమున వయస్సు నలువది నిండినంతనే వెనుకకు త్రిప్పబడి, పదివఱకు దిగి, మఱల నెక్కును.

ఈ నవ్వు ఊరక వచ్చునది కాదు. కొలతపట్టీపై అంకెలు వేఱువేఱుగా నుండవలెనని యెఱిగిన బిడ్డయే ఇరువదియాఱంగుళముల మెడను చూచి నవ్వును. ఎక్కము వేళనుబట్టి మాఱదని తెలిసినగాని కాకివాదములోని చమత్కారము పట్టువడదు. ప్రతి పరిహాసమును ఒక నియమమును విఱుచును. విఱిగినదానిని గుర్తించుటకు నియమము తెలిసియుండవలెను. అనగా ఆ పిల్లవానికి, మార్కులు లేని పరీక్ష యొకటి తనకు తెలియకుండగనే జరిగిపోవుచున్నదన్నమాట.

వ్యాకరణమును ఆయన విడువలేదు. 'ఆబోల్ తాబోల్' అను పద్యసంపుటిలో బాతును ముండ్లపందియు వ్యాకరణమును లెక్కసేయక యేకమగును. బకమును కచ్ఛపమును కలిసి 'బకచ్ఛపము' పుట్టును. చిన్నయసూరి గారి సంధి పరిచ్ఛేదమును కంఠస్థము చేయుచు కన్నీరు నించిన మన పిల్లలకు ఈ బకచ్ఛపము నొక్కసారి చూపియుండిన నెంత మేలై యుండెడిది! ఈ పదము సంస్కృతమే గనుక యథాతథముగా తెలుగున నిలుచును. 'విజ్ఞానశిక్ష' యను పద్యములోని యంత్రము అంత సులభముగా లొంగదు. అందొక పండితుడు విద్యార్థి తలను 'ఫుటోస్కోపు'తో పరీక్షించి, మెదడు నేతిలో కల్తీ యెంతో తేల్చుటకు బూనుకొనును. వంగభాషలో 'ఫుటో' యనగా రంధ్రము. సూక్ష్మదర్శిని, దూరదర్శిని అనుచున్నాము గనుక దీనిని 'బొక్కదర్శిని' యందమేమో! ఇట్లే కోనన్ డాయిల్ గారి 'లాస్ట్ వరల్డ్' నవలను వెక్కిరించుచు వ్రాసిన హేశోరామ్ హుశియార్ దినచర్యలో, మూతి ముడిచికొనియుండు మృగమునకు 'గోమ్రాథేరియము' వంటి లాటిను తోకగల నామములు గలవు. పేరు పెట్టినంత మాత్రమున వస్తువు తెలిసినట్లు కాదన్న సంగతి, అభ్యసించిన శాస్త్రజ్ఞునికి దెలిసినంతగా ఇతరులకు దెలియదు.

మనలో నిట్టివారు లేరా యన్న ప్రశ్న సహజముగా బుట్టును. కందుకూరి వీరేశలింగము పంతులు గారు శాస్త్రసంగ్రహములు వ్రాసిరి, ప్రహసనములు వ్రాసిరి, స్విఫ్టు ననుసరించి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'ను వ్రాసిరి. కాని ఆ నవ్వు పెద్దల నుద్దేశించినది. 1906లో నెలకొన్న విజ్ఞానచంద్రికా మండలి గ్రంథములును పెద్దలవే. పిల్లలకై చింతా దీక్షితులు గారు వ్రాసిరి. న్యాయపతి రాఘవరావు గారు 1945లో ఈ చెన్నపురినుండియే 'బాల'ను వెలువరించిరి. 1947లో 'చందమామ' ఉదయించినదియు నిచ్చటనే. కథలకును పాటలకును కొదువ లేకుండెను. శాస్త్రమెఱిగి, పిల్లలతో నాడుచు వ్రాసినవారు మాత్రము అరుదు. తరువాతి కాలమున, తాము శాస్త్రజ్ఞులే యైన మహీధర నళినీమోహన్ గారు ఈ త్రోవ ద్రొక్కిరి. ఆయన వెనుక గుంపేమియు రాలేదు.

ఈ కొఱత మనకు, అనగా ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారికి, మఱింత బాధాకరము. 2006 నాటి చట్టముచే తమిళనాడు పాఠశాలలలో తమిళము నిర్బంధమైన పిమ్మట మన పిల్లలలో పెక్కండ్రకు తెలుగు ఇంటిభాషగనే మిగిలినది. పరీక్షలో అక్కఱలేని భాషను పదేండ్ల బిడ్డ కర్తవ్యబుద్ధితో చదువునని యాశించుట వెఱ్ఱి. నవ్వుకై చదువవచ్చును. తెలుగులో నవ్వించుచు తాటిపండు సంగతి చెప్పగల ఇంజనీరు ఒక్కడు దొరకిన, ఆదివారపు ఉపన్యాసములు పదింటికంటె నెక్కువ ప్రయోజనము.

సుకుమార రాయ్ గారికి కాలము చాలలేదు. 1921లో కాలాజ్వరము సోకి, రెండేండ్లకు పైగా మంచము పట్టిరి. ఆ వ్యాధికి పనిచేయు యూరియా స్టిబమైను అను మందును ఉపేంద్రనాథ బ్రహ్మచారి గారు ఆ కలకత్తాలోనే అప్పుడే కనిపెట్టియుండిరి; అది సర్వత్ర వ్యాప్తిలోనికి రాకమునుపే ఈయన కాలము తీఱినది. మంచముననే పత్రికకు వ్రాయుచు, బొమ్మలు వేయుచు, 'ఆబోల్ తాబోల్' ముఖచిత్రమును సిద్ధపఱచిరి. 1923 సెప్టెంబరు 10వ తేదీన ముప్పదియైదేండ్ల ప్రాయమున కన్నుమూసిరి. పుస్తకము 19వ తేదీన వెలువడెను.

అప్పటికి కుమారునికి రెండేండ్లు నిండి నాలుగు మాసములు. ఆ బాలుడే సత్యజిత్ రాయ్. నిలిచిపోయిన 'సందేశ్'ను ఆయన 1961లో మఱల ప్రారంభించి, అందు ప్రొఫెసర్ శంకు అను వైజ్ఞానికుని దినచర్యలను కథలుగా వ్రాయ మొదలిడిరి. మొదటి కథలోని శంకును చదువునప్పుడు, తండ్రి సృష్టించిన హేశోరామ్ హుశియార్ తలపునకు రాకమానడు.