నూట ముప్పై డాలర్ల మహావీరుడు

వీరగాథలను ఆదరించని జాతి ప్రపంచంలో లేదు. సముద్రాన్ని లంఘించిన హనుమంతుని కథ, బకాసురుని వధించిన భీముని కథ మన బాలబాలికలను తరతరాలుగా అలరిస్తూనే ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దపు అమెరికాలో ఇటువంటి వీరగాథలకు ఆశ్రయమిచ్చినవి పది సెంట్ల వెలగల కామిక్ పుస్తకాలు. ఆ పుస్తకాలలోని వీరుల పరాక్రమం లోకమంతటికీ తెలుసు. వారిని సృష్టించిన రచయితల, చిత్రకారుల జీవితాలు మాత్రం చాలాకాలం మరుగున పడి ఉన్నాయి.

కామిక్ పుస్తకం పుట్టుకకు మూలం వార్తాపత్రికల ఆదివారపు అనుబంధాలు. వాటిలో రంగుల బొమ్మల కథలు వెలువడేవి. ఆ అనుబంధాలను ముద్రించే పెద్ద కాగితాన్ని మళ్లీ మళ్లీ మడిస్తే చేతిలో ఇమిడే చిన్న పుస్తకం తయారవుతుందని 1933 నాటికి ముద్రణారంగంలోని వారు గ్రహించారు. పాత బొమ్మల కథలనే కూర్చి, 1934లో ‘ఫేమస్ ఫన్నీస్’ అనే పుస్తకాన్ని పది సెంట్లకు విక్రయించగా అది విశేషాదరణ పొందింది. 1935లో మాల్కం వీలర్ నికల్సన్ అనే మాజీ సైనికాధికారి పూర్తిగా కొత్త కథలతో ‘న్యూ ఫన్’ అనే పత్రికను ప్రారంభించాడు. అది ఆర్థికమాంద్యం అమెరికాను పీడిస్తున్న కాలం. పుటకు ఇంత అని స్వల్ప పారితోషికం ఇస్తే చాలు, బొమ్మలు గీయడానికి ఎందరో నిరుద్యోగ యువకులు సిద్ధంగా ఉండేవారు. సొమ్ము పుచ్చుకోవడంతోనే కథమీద, పాత్రమీద సర్వహక్కులూ ప్రచురణకర్తకు సంక్రమించడం ఆనాటి ఆచారం.

ఆ యువకులలో ఇద్దరు జెర్రీ సీగెల్, జో షూస్టర్. ఇరువురూ 1914లో, వలస వచ్చిన యూదు కుటుంబాలలో జన్మించారు. క్లీవ్‌లాండ్ నగరంలోని ఒక ఉన్నత పాఠశాలలో సహాధ్యాయులై మిత్రులయ్యారు. సీగెల్ కథలు రాసేవాడు. షూస్టర్ బొమ్మలు గీసేవాడు. అన్యలోకం నుండి భూమికి చేరి, బలహీనుల పక్షాన నిలిచే అతిమానవుని వారు ఊహించారు. అతడే సూపర్‌మ్యాన్. ఆ కథను వార్తాపత్రికలకు చిత్రకథలు సరఫరా చేసే సంస్థలు కొన్ని సంవత్సరాలపాటు తిరస్కరిస్తూ వచ్చాయి. చివరకు 1938 మార్చిలో డిటెక్టివ్ కామిక్స్ సంస్థ పుటకు 10 డాలర్ల వంతున 13 పుటలకు 130 డాలర్లు చెల్లించి కథను స్వీకరించింది. తమ కథ అచ్చులో చూసుకోవాలనే తహతహతో ఆ మిత్రులు హక్కులన్నిటినీ వదులుకుంటూ సంతకాలు చేశారు.

1938 జూన్ తేదీతో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వెలువడింది. కారును రెండు చేతులతో పైకెత్తిన వీరుని బొమ్మ దాని ముఖచిత్రం. చవకరకం కాగితంపై నాలుగు రంగుల సిరాతో అచ్చయ్యే ఆ పుస్తకాలలో సున్నితమైన వర్ణభేదాలు నిలిచేవి కావు. అటువంటి ముద్రణలో సూపర్‌మ్యాన్ నీలి దుస్తులు, భుజాలనుండి వ్రేలాడే ఎర్రని వస్త్రం పాఠకుని దృష్టిని ఇట్టే ఆకర్షించేవి. సూపర్‌మ్యాన్ విజయాన్ని చూసి ఇతర వీరులు వరుసగా అవతరించారు. 1939లో బ్యాట్‌మ్యాన్, 1941లో వండర్ వుమన్ వచ్చారు. 1940 డిసెంబరులో అంగళ్లకు చేరిన ‘కెప్టెన్ అమెరికా’ మొదటి సంచిక ముఖచిత్రంపై ఆ వీరుడు హిట్లర్‌ను పిడికిలితో గుద్దుతూ కనిపిస్తాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలో ప్రవేశించలేదు.

ఈనాడు ఆ తొలి సంచికలు అరుదుగా లభించడానికి కారణాలు లేకపోలేదు. వాటిని దాచుకోదగిన గ్రంథాలుగా ఎవరూ భావించలేదు. చదివినవాటిని పిల్లలు పంచుకొనేవారు, పెద్దలు పారవేసేవారు. యుద్ధకాలంలో పాత కాగితాల సేకరణ ఉద్యమానికి ఎన్నో ప్రతులు ఆహుతయ్యాయి. మిగిలినవి కూడా కాగితంలోని ఆమ్లగుణం వల్ల పసుపుబారి, పెళుసుబారిపోయాయి.

యుద్ధానంతరం సూపర్ హీరోల ప్రభ తగ్గింది. నేరకథల, భయానక కథల పుస్తకాలు పెరిగాయి. కామిక్ పుస్తకాలు పిల్లలను నేరాలవైపు నడిపిస్తున్నాయని మనోవైద్యుడు ఫ్రెడరిక్ వెర్థమ్ 1954లో ఒక గ్రంథం వెలువరించాడు. అదే సంవత్సరం అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. దానితో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళిని విధించుకున్నారు. చెడుపై మంచి గెలిచి తీరాలన్నది అందులో ఒక నియమం. 1956లో కొత్త రూపంలో వచ్చిన ‘ఫ్లాష్’తో సూపర్ హీరోలకు పునర్జీవనం లభించింది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోల స్పైడర్‌మ్యాన్ రంగప్రవేశం చేశాడు. చదువు, పేదరికం, ఇంటి బాధ్యతలు ఇతనికి శత్రువులతోపాటు తప్పని సమస్యలు. అందువల్లనే విద్యార్థులు అతనిలో తమను తాము చూసుకున్నారు.

మరి సూపర్‌మ్యాన్ సృష్టికర్తల గతి ఏమైంది? సుమారు పదేళ్లపాటు వారు ఆ సంస్థకే పనిచేసి మంచి ప్రతిఫలమే పొందారు. కాని రేడియో నాటకాలు, చలనచిత్రాలు, ఆటబొమ్మల ద్వారా సమకూరిన అపారధనం హక్కులున్న సంస్థకే చేరింది. 1947లో వారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1948లో సుమారు 94 వేల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో చాలాభాగం న్యాయవాదుల రుసుముకే సరిపోయింది. ఆ తరువాత పుస్తకాలనుండి వారి పేర్లు సైతం తొలగిపోయాయి. షూస్టర్ కంటిచూపు మందగించింది. సీగెల్ చిన్న గుమాస్తా కొలువుతో కాలం గడపవలసి వచ్చింది.

1975లో సూపర్‌మ్యాన్ చలనచిత్ర నిర్మాణానికి సన్నాహాలు జరుగుతున్నవేళ సీగెల్ తమ దుస్థితిని పత్రికలకు తెలియజేశాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్‌సన్ వంటి చిత్రకారులు వారి పక్షాన నిలిచారు. ప్రజాభిప్రాయానికి తలవంచి యాజమాన్యం ఒక్కొక్కరికి ఏటా 20 వేల డాలర్ల భృతిని, సృష్టికర్తలుగా వారి పేర్లను తిరిగి ప్రకటించడాన్ని అంగీకరించింది. బ్యాట్‌మ్యాన్ రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిన బిల్ ఫింగర్‌కు ఆ అదృష్టం కూడా దక్కలేదు. అతడు 1974లో మరణించగా, 2015లో గాని అధికారికంగా అతని పేరు చేరలేదు.

సూపర్‌మ్యాన్ కీర్తి తెలుగునాటికీ చేరింది. 1980లో ఎన్.టి. రామారావు కథానాయకునిగా ఆ పేరుతోనే ఒక తెలుగు చిత్రం విడుదలైంది. సృష్టికర్తల హక్కుల సమస్య కూడా మనకు పరాయిది కాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించి, చలనచిత్ర గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో న్యాయమైన వాటాకు రక్షణ కల్పించారు.

‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకు, మరొకటి 2024లో 60 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయాయి. అంతకన్న ఆలోచింపజేసేది మరొక వస్తువు. సూపర్‌మ్యాన్‌కు ఇచ్చిన 130 డాలర్లను ఇతర రచనల బాకీతో కలిపి సీగెల్, షూస్టర్‌లకు చెల్లించిన 412 డాలర్ల చెక్కు అది. 2012లో ఆ చెల్లిపోయిన చెక్కే 1 లక్షా 60 వేల డాలర్లు పలికింది. దానిపై ఇరువురి పేర్లూ తప్పుగా రాసి ఉన్నాయి. దీనులకు అండగా నిలిచిన మహావీరుడు తనను కన్నవారిని కాపాడలేకపోయాడు. వారిని కాపాడినది తోటి కళాకారుల ఐకమత్యం. కథను మెచ్చుకొన్న పాఠకుడు కథకుని పేరును కూడా గుర్తుంచుకోవడం కనీసధర్మం.